ముట్టర్ అంటే అమ్మే కాదు.. నట్టు కూడా!

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ జర్మన్ డ్రాయింగ్ చేతికిచ్చి, ‘నోట్స్ ఇంగ్లిష్‌లో రాసి షాప్‌ఫ్లోర్‌కి పంపు’ అన్నారు. షాఫ్ట్ బొమ్మ పక్కన ‘గెహెర్టెట్ ఉండ్ ఆన్‌గెలాసెన్’ అని ఉంది. మొదటిది హార్డెనింగ్ అని తెలుసు. రెండో మాట ఒక్కదాన్నే ట్రాన్స్‌లేషన్ యాప్‌లో కొడితే ‘స్టార్ట్ చేసిన’ అని వచ్చింది. అర్థంకాక ‘హార్డెన్డ్’ అని మాత్రం రాసి ఊరుకున్నా. పంపేముందు సీనియర్ చూసి ఆపారు. ఇక్కడ ఆ మాటకు అర్థం టెంపరింగ్. స్టీల్‌ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది కానీ పెళుసుబారుతుంది. మళ్లీ తక్కువ వేడి పెడితేనే దెబ్బకు తట్టుకుంటుంది. టెంపరింగ్ లేకుండా వాడితే ఆ షాఫ్ట్ పుటుక్కున విరిగే ప్రమాదం ఉంది.

ఒకే మాట.. రెండు అర్థాలు

జర్మన్ వర్క్‌షాప్ మాటలు చాలావరకు ఇంట్లో వాడేవే. ముట్టర్ అంటే అమ్మ, మెషీన్ దగ్గర నట్టు. వెల్లె అంటే అల, డ్రాయింగ్‌లో షాఫ్ట్. రైబెన్ అంటే రుద్దడం, ఇక్కడ రీమింగ్. ఫెర్‌గ్యూటెన్ అంటే డబ్బు చెల్లించడం, హీట్ ట్రీట్‌మెంట్‌లో హార్డెనింగ్, టెంపరింగ్ రెండూ కలిపి. అందుకే డిక్షనరీ తెరిచే ముందు ఆ మాట ఏ ప్రాసెస్ దగ్గరుందో చూడండి.

చివరి నుంచి విడదీయండి

‘ఇన్నెన్‌జెక్స్‌కాంట్‌ష్లూసెల్’ చూసి హడలిపోకండి. ష్లూసెల్ అంటే కీ, కాంట్ అంచు, జెక్స్ ఆరు, ఇన్నెన్ లోపల. మనం వాడే అలెన్ కీ ఇదే! ముక్కాలిపీటలో అసలు వస్తువు పీట అయినట్టే, జర్మన్‌లోనూ చివరి మాటే వస్తువు. ముందున్నవి దాని వివరాలు.

కామాతో జాగ్రత్త

జర్మన్లు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. 12,500 మిల్లీమీటర్లంటే పన్నెండున్నర, పన్నెండు వేల ఐదొందలు కాదు.

ఎలా మొదలుపెట్టాలి?

జర్మన్ స్టాండర్డ్ డీఐఎన్ 8580 తయారీ పద్ధతుల్ని 6 గ్రూపులు చేసింది: పోత పోయడం, రూపం మార్చడం, కోయడం, కలపడం, పూత వేయడం, లోహం గుణం మార్చడం. నోట్‌బుక్‌లో గ్రూపుకో పేజీ పెట్టుకోండి. కోత పేజీలో డ్రేయెన్‌ అంటే టర్నింగ్, ఫ్రేజెన్‌ అంటే మిల్లింగ్, ష్లైఫెన్‌ అంటే గ్రైండింగ్ రాసి, పక్కనే చిన్న బొమ్మ గీయండి. ల్యాబ్‌లో లేత్ మీద చేయి పెట్టినవాళ్లకు ఇవి ఇట్టే గుర్తుంటాయి. మెకానికల్ విద్యార్థులకు ఇదే ప్లస్ పాయింట్.

ఎంత నేర్చుకున్నా తెలియని మాట ఎదురవుతూనే ఉంటుంది. నాలా వదిలేసి ఊరుకోవద్దు. దాన్ని గుండ్రంగా చుట్టి, సీనియర్‌ని అడిగాకే డ్రాయింగ్ పంపండి.