బడిగంట మోగకముందే నర్సమ్మ పని మొదలు

సంగారెడ్డి: వేసవి సెలవుల తర్వాత జూన్ 12న బడులు తెరవడం మన రాష్ట్రంలో ఆనవాయితీ. ఆ వారం రోజులూ తల్లిదండ్రులు పుస్తకాలు, దుస్తుల హడావుడిలో ఉంటారు. ఉపాధ్యాయులు 'బడిబాట' పేరిట ఇల్లిల్లూ తిరుగుతుంటారు. వీరితోపాటు, పెద్దగా ఎవరి కంటా పడకుండా, మరొకరు కూడా ఆ రోజు కోసం సిద్ధమవుతుంటారు. ఆమె పిల్లల ఆరోగ్యం చూసే నర్సమ్మ.

మామూలు సర్కారు బడికి సొంత నర్సు ఉండదు. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, గురుకులాల్లో మాత్రం నర్సమ్మ ఉంటుంది. మిగిలిన బడులకు సంచార వైద్య బృందమే దిక్కు. 2013 ఫిబ్రవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నిబంధనల ప్రకారం ఈ బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు ఉండాలి. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒక్కసారి వెళ్లి పిల్లలను పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో జాప్యం అనే నాలుగు తరగతుల కింద 30 రకాల సమస్యలను వీరు గమనిస్తారు.

బడికి వచ్చేది ఏడాదికి ఒక్కసారే. ఆ రోజు పిల్లవాడు బడికి రాకపోతే మళ్లీ ఏడాది దాకా ఆగవలసిందే. ముందస్తు ఏర్పాట్లకు ఇంత ప్రాధాన్యం అందుకే.

పాత రిజిస్టరే తొలి పని

కొత్త సంవత్సరం పని పాత రిజిస్టరుతో మొదలవుతుంది. నిరుడు ఎవరికి కళ్లద్దాలు కావాలని రాశారు? చెవిలో చీము కారుతున్న పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లారా? గుండె జబ్బు అనుమానంతో పెద్దాస్పత్రికి రాసిచ్చిన అబ్బాయి సంగతి ఏమైంది? చీటీ రాసిచ్చినంత మాత్రాన వైద్యం అందినట్టు కాదు. కూలి పోతుందని ఆ చీటీని ఇంటి చూరులో దోపి మరచిపోయిన తల్లిదండ్రులు ఉంటారు. అటువంటి పేర్లను కొత్త రిజిస్టరు మొదటి పేజీలోకి ఎక్కించుకోవాలి.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతాల్లో ఈ పని మరింత కష్టం. ఫ్యాక్టరీ పనికి ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కుటుంబాలు కిరాయి గదులు మారినప్పుడల్లా పిల్లల బడి కూడా మారుతుంది. టీకాల కార్డు సొంత ఊళ్లోనే ఉండిపోతుంది. ఏ టీకా పడిందో చెప్పేందుకు భాష అడ్డు. అయిదారేళ్ల వయసులో, 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేయవలసిన టీకాలు తప్పిపోయేది ఇలాంటి పిల్లలకే. కొత్తగా చేరినవారి జాబితాను హెడ్మాస్టరు నుంచి ముందే తీసుకుంటే సగం చిక్కు తీరుతుంది.

సంచిలో ఏమేమి ఉంటాయి?

బరువు చూసే యంత్రం, ఎత్తు కొలిచే బద్ద, టేపు, టార్చి లైటు, కంటి పరీక్ష పటం ముఖ్యమైనవి. యంత్రం ముల్లు సున్నా మీద నిలుస్తున్నదో లేదో ముందే చూసుకోవాలి. కంటి పటానికి 6 మీటర్ల దూరం కొలిచి సుద్దతో గీత గీస్తారు. అక్షరాలు రాని పిల్లలకు, తెలుగు రాని పిల్లలకు మూడు కాళ్ల గుర్తున్న పటం ఉంటుంది. కాళ్లు ఎటు వైపున్నాయో చేత్తో చూపిస్తే చాలు.

మందుల లెక్క మరొకటి. రక్తహీనత రాకుండా వారానికి ఒకటి చొప్పున ఇచ్చే ఇనుము మాత్రలు ప్రాథమిక తరగతుల వారికి గులాబీ రంగువి, పదేళ్లు దాటిన వారికి నీలం రంగువి. ఇవి అన్నం తిన్న తర్వాతే వేసుకోవాలి. ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినం కనుక ఆల్బెండజోల్ మాత్రలకు కూడా అప్పుడే లెక్క కట్టుకోవాలి. జూన్ వానలతో విరేచనాలు మొదలవుతాయి కాబట్టి ఓఆర్‌ఎస్ పొట్లాలు చేతికందే చోట ఉండాలి. గడువు తీరిన ప్రతి మందునూ పక్కకు తీయాలి.

హాస్టళ్లలో గజ్జి పెద్ద బెడద. ఒక్క పిల్లకు మందు రాస్తే పోదు. గదిలో అందరికీ ఒకేసారి రాసి, బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికించాలి. ఆ ఏర్పాటు పిల్లలు రాకముందే జరగాలి.

పొగ మధ్య చదువు

1970ల నుంచి ఫ్యాక్టరీలు పెరిగిన ప్రాంతమిది. నక్కవాగు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుదాకా వ్యాజ్యం వెళ్లింది. ఒక పిల్లవాడి ఆయాసానికి పొగే కారణమని నర్సమ్మ తేల్చలేదు. అయితే ఎవరికి, ఏ నెలలో, ఎన్నిసార్లు ఆయాసం వచ్చిందో రాసిపెట్టగలదు. ఆ రాత ఉంటే డాక్టరుకు దారి దొరుకుతుంది.

బడి పిల్లలకు వైద్య పరీక్ష మన దేశంలో తొలిసారి 1909లో బరోడా నగరంలో జరిగింది. అంతకు ఏడేళ్ల ముందు, 1902లో, న్యూయార్క్ నగరంలో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడులకు నియమించారు. అంతవరకు తామర, పేలు, కళ్లకలక ఉన్న పిల్లలను ఇంటికి పంపేసేవారు. ఆమె బడిలోనే మందు వేసి, ఇళ్లకు వెళ్లి తల్లులకు చెప్పి, వారిని తిరిగి తరగతిలో కూర్చోబెట్టింది. బడి నర్సు పని నేటికీ అదే. జబ్బు పేరుతో చదువు ఆగకూడదు.

తల్లిదండ్రులు చేయవలసింది

బడి తెరిచిన మొదటి వారంలోనే టీకాల కార్డు చూపండి. మూర్ఛ, ఆయాసం, గుండె జబ్బు ఉంటే దాచకుండా చెప్పండి. వాడే మందు చీటీ నకలు ఒకటి బడిలో ఇవ్వండి. ఫోను నంబరు మారితే తెలియజేయండి. వైద్య బృందం ఏ రోజు వస్తుందో హెడ్మాస్టరును అడిగి తెలుసుకోండి. ఆ ఒక్క రోజు మాత్రం పిల్లలను పొలానికో, పెండ్లికో తీసుకుపోవద్దు. నల్లబల్ల మీది అక్షరం కనపడక వెనుకబడిన పిల్లవాణ్ణి మొద్దు అని తిట్టే ముందు, వాడి చూపు ఒకసారి పరీక్ష చేయించడం మంచిది.