ఓడ దిగిన వారికి ఒడ్డున నీడ

మన మలక్‌పేట పెద్దలకు ఓడ అనగానే గుర్తుకు వచ్చేది హజ్ ఓడ. బొంబాయి నుండి జిద్దాకు సాగిన ఆ సముద్ర ప్రయాణం 1995తో ఆగిపోయింది. ఇప్పుడు అదే మాట విహార నౌక రూపంలో పిల్లల నోట తిరిగి వినబడుతున్నది. గంజ్ వ్యాపారుల ఇళ్ళలోనూ, గల్ఫ్ నుండి సెలవుపై వచ్చిన కొడుకుల ఇళ్ళలోనూ తల్లిదండ్రులను చెన్నై తీసుకువెళ్ళి ఓడ ఎక్కించాలన్న ముచ్చట సాగుతున్నది. ఓడలోని జూదశాల, మద్యశాలల సంగతి వేరొక వ్యాసానికి తగినది. దానిని ఇక్కడ ఎత్తుకోము. మా వద్దకు వచ్చిన ప్రశ్న చాలా చిన్నది: “మౌల్వీ సాబ్, అమ్మీకి మోకాళ్ళ నొప్పి. ఓడ విశాఖలో ఆగినప్పుడు సముద్రపు ఒడ్డున కాసేపు కూర్చోవాలని ఆమె కోరిక. అక్కడ కుర్చీ, గొడుగు దొరుకుతాయా?”

ప్రశ్న చిన్నదే. అయితే డెబ్బై ఏళ్ళ తల్లికి ఆ ప్రయాణమంతా ఈ ఒక్క గంట మీదనే ఆధారపడి ఉండవచ్చు. కనుక తెలిసినంత వివరంగా చెప్పదలచాము.

విశాఖకు ఓడ ప్రయాణికులు కొత్త కాదు. 1933 అక్టోబరు 7న ఆ రేవు తెరుచుకున్నప్పుడు మొదట లోపలికి వచ్చినది సింధియా సంస్థకు చెందిన జలదుర్గ అనే ప్రయాణికుల ఓడయే. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహార నౌక చెన్నై, విశాఖ, పుదుచ్చేరిల నడుమ తిరిగింది. సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. కాని ఓడ ఎంత గొప్పదైనా దాని సౌకర్యం మెట్ల వద్దనే ఆగిపోతుంది. కొన్ని నౌకా సంస్థలు కరేబియన్ ప్రాంతంలోని తమ సొంత దీవులలో ప్రయాణికుల కోసం కుర్చీలు పరచి ఉంచుతాయి. ప్రకటనలలో కనబడే గొడుగుల వరుసలు అటువంటి చోట్లవే. విశాఖ తీరం ఎవరి సొంత దీవీ కాదు. అక్కడ నీడను మనమే వెదుక్కోవాలి.

రేవుకు చేరువలోనిది రామకృష్ణా బీచ్. 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామి అక్కడే ఉన్నది. రోడ్డు వెంట కాలిబాట, కూర్చునేందుకు గట్లు ఉన్నాయి. ప్లాస్టిక్ కుర్చీలు సాయంకాలం తినుబండారాల బండ్ల చుట్టూ కనబడతాయి. పట్టపగలు ఇసుక మీద నీడ దొరుకుతుందని నమ్ముకొని పోరాదు. నడవలేని వారిని ఇసుకలోకి దింపకుండా గట్టు మీదనే కూర్చోబెట్టి సముద్రం చూపించడం మేలు. ఈ తీరంలో అలల లాగుడు బలమైనది, ప్రాణాలు పోయిన సందర్భాలు అనేకం. పిల్లలను నీటికి దూరంగా ఉంచవలసినదే.

రెండవది భీమిలి మార్గంలోని రుషికొండ. 2020 అక్టోబరులో దేశంలోని ఎనిమిది తీరాలకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించగా తెలుగు నేలపై అది ఈ ఒక్కదానికే దక్కింది. నీటి శుభ్రత, భద్రత మొదలైన 33 ప్రమాణాలను చూసి డెన్మార్క్‌లోని సంస్థ దానిని ఇస్తుంది. అందువల్ల ఇక్కడ గొడుగు నీడలు, ఆసనాలు, బట్టలు మార్చుకొనే గదులు, రక్షక ఈతగాళ్ళు వంటి ఏర్పాట్లు జరిగాయి. మోకాళ్ళ నొప్పి ఉన్న తల్లికి మేము సూచించేది ఈ తీరమే. అయితే జెండా చూసి నిశ్చింతగా ఉండరాదు: నిర్వహణ లోపాల కారణంగా 2025 ఆరంభంలో ఆ గుర్తింపు తాత్కాలికంగా పోయి, తరువాత తిరిగి వచ్చింది. పైగా దూరం ఎక్కువ. రానుపోను సమయాన్ని లెక్కించి, ఓడవారు చెప్పిన చివరి గడియకు కనీసం గంట ముందుగా రేవుకు చేరాలి. రేవు ద్వారం వద్ద ఓడ కార్డును, గుర్తింపు పత్రాన్ని తనిఖీ చేస్తారు. ఓడ మన కోసం ఆగదు.

తూర్పు తీరంలో ఎండ స్వభావం తెలిసి ఉండాలి. ఉదయం సూర్యుడు సముద్రం వైపు నుండి ముఖానికి కొడతాడు, మధ్యాహ్నం దాటితే వెనుకకు, ఊరి వైపుకు వెళతాడు. ఉదయం వేసిన గొడుగు మధ్యాహ్నానికి నీడను మరొకరి మీద వేస్తుంది. కనుక పెద్దవారి కుర్చీని గంటకొకసారి జరిపే బాధ్యతను ఇంటి పిల్లలలో ఒకరికి అప్పగించండి. సొంత గొడుగు తీసుకువెళ్ళేవారు దాని కర్రను మూరెడు లోతుకు తక్కువ కాకుండా పాతి, గాలి వచ్చే దిక్కుకు కొద్దిగా వంచాలి. నిటారుగా నిలిపిన గొడుగు గాలికి ఎగిరి పక్కవారిని గాయపరచగలదు. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు ఇసుకలో దిగబడతాయి గనుక వాటి కింద ఒక అట్టముక్కనో చెక్కపలకనో ఉంచడం మంచిది. వాలు కుర్చీ చూడ ముచ్చటగా ఉంటుంది గాని, అందులో కూర్చున్న వృద్ధులు లేవలేరు. చేతులున్న ఎత్తు కుర్చీనే అడగండి.

ఈ సందర్భంలో జర్మనీ ముచ్చట ఒకటి. 1882లో రోస్టాక్ నగరంలోని బార్టెల్‌మన్ అనే బుట్టలల్లే పనివాని వద్దకు కీళ్ళవాతంతో బాధపడే ఒక మహిళ వచ్చింది. సముద్రపు ఒడ్డున గాలి, ఎండ తగలకుండా కూర్చునేందుకు ఒక ఆసనం కావాలని కోరింది. ఆయన అల్లి ఇచ్చిన కప్పు గల బుట్ట కుర్చీ అందరికీ నచ్చింది. మరుసటి ఏడాదే ఆయన భార్య వార్నెముండె తీరంలో అటువంటి కుర్చీలను అద్దెకు ఇవ్వసాగింది. ఉత్తర జర్మనీ తీరాలలో నేటికీ వేలాదిగా కనబడే ఆ కుర్చీలకు మూలం మన అమ్మీ వంటి ఒక రోగి కోరికే.

అద్దె విషయంలో ఫిఖ్హ్ గ్రంథాల ఇజారా అధ్యాయం నేరుగా పనికివస్తుంది. అద్దె ఎంత, ఎంతసేపటికి అన్నవి రెండూ ముందే తెలియాలి. లేనిచో ఒప్పందమే లోపభూయిష్టం. “కూర్చోండి సాబ్, తరువాత చూద్దాం” అన్న మాట దగ్గరనే గొడవ మొదలవుతుంది. కుర్చీకా, గొడుగుకా, రెంటికీ కలిపియా, గంటకా, పూటకా అని అడిగి కూర్చోండి. గోవా వంటి చోట్ల తీరంలోని షాక్‌లు తమ వద్ద తిని తాగేవారికి పడక కుర్చీలు ఇస్తాయి. అక్కడ మద్యం కూడా వడ్డిస్తారు గనుక కుటుంబంతో వెళ్ళేవారు ఆ నీడ కిందకు చేరే ముందే ఆలోచించుకోవాలి.

ఇక తువాలు పరచి కుర్చీని ‘మాది’ అనే అలవాటు. స్పెయిన్‌లోని కొన్ని తీరపట్టణాలలో తెల్లవారుజామున గొడుగు పాతి వెళ్ళిపోయేవారికి జరిమానా వేస్తారు. మన సంప్రదాయంలో ఈ చర్చ పాతదే. మినాలో తమకు ఎండ తగలకుండా ఒక నీడ కట్టడం నిర్మిస్తామని అడిగినప్పుడు దైవప్రవక్త (స) అంగీకరించలేదని, ఆ స్థలం ముందుగా చేరినవారిదని తెలిపారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం. కూర్చున్న చోటు నుండి లేచి వెంటనే తిరిగి వచ్చేవానికే ఆ చోటుపై హక్కు అన్న మాట కూడా హదీసులలో ఉన్నది. అది వుజూకో, నీళ్ళకో లేచినవారికి వర్తిస్తుంది. తువాలు పరచి గంటల తరబడి ఊరు చూడబోయినవారికి వర్తించదు. మసీదులో ముందుగా జానమాజ్ పరచి వెళ్ళిపోవడాన్నే ఇబ్ను తైమియ్య వంటి పండితులు తప్పుపట్టారు. మదీనాలో మస్జిదె నబవీ ఆవరణలోని 250 మహా ఛత్రాల కింద కూర్చున్నవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు: అక్కడి నీడలో ఎవరి పేరూ రాసి ఉండదు.

జొహ్ర్ వేళ తీరంలోనే ఉంటే ఒక సౌలభ్యం ఉన్నది. విశాఖలో ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది, అంటే సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు నిలబడాలి. అలలు వెనుక ఉంటాయి గనుక పిల్లలను చూసుకునేందుకు ఒకరిని నీటి వైపు కూర్చోబెట్టి, మిగిలినవారు వంతులవారీగా నమాజు చేయండి. కూర్చుని నమాజు చేసే అమ్మీకి ఆ అద్దె కుర్చీనే కాస్త ఆ దిక్కుకు తిప్పితే చాలు, గొడుగును మాత్రం పడమటి ఎండకు అడ్డంగా వంచాలి.