కపిలవర్ణము: అపోహలు – వాస్తవాలు

నేల, రాయి, ఇటుక, దూలము, ఆవు మేను – ఇన్నింటియందును కనిపించు కపిలవర్ణమును, అన్ని రంగులును కలిసి చెడిపోగా మిగిలిన మురికివన్నెగా పలువురు తలంతురు. సంస్కృత నిఘంటుకారుడైన అమరసింహుడు దీనికి కడార, కపిల, పింగ, పిశంగ, కద్రు, పింగళములని ఆరు పేర్లు చెప్పినాడు. ప్రాచీనులకిది మురికిగా తోచలేదు. నిజమునకిది వెలుగు తగ్గిన నారింజయే. జనగామ ప్రాంతపు చల్కనేల ఎండలో నొకతీరుగను, తొలకరి జల్లు పడినంతనే మరియొకతీరుగను కనబడుట రైతెరిగినదే. మట్టియు, అందలి ఇనుమును మారలేదు. రేణువుల నడుమ నీరు చేరి, పైకి చిమ్మవలసిన వెలుగును లోనికే మరలింపగా నేల ముదురువన్నె తాల్చినది.

కపిలము వెలుగు తగ్గిన నారింజయేనని కంప్యూటరు లెక్కయు చెప్పును. ఎరుపు 210, ఆకుపచ్చ 105, నీలము 30 గల చాక్లెట్ వన్నెయందలి మూడంకెలను ఇంచుమించు మూడింట రెండు వంతులకు దించినచో 139, 69, 19 అను ‘శాడిల్ బ్రౌన్’, అనగా జీనుతోలు వన్నె, లభించును. వర్ణచక్రముపై రెండింటి స్థానమును 25 డిగ్రీలే. వెబ్ ప్రమాణమునందు కేవలము ‘బ్రౌన్’ అని పేరొందిన 165, 42, 42 మాత్రము నాకు సమ్మతము కాదు. ఆకుపచ్చయు నీలమును సమానమగుటచే అది ముదురెరుపే గాని మన మట్టివన్నె కాదు.

ఇంద్రధనుస్సున లేదు గనుక ఇది నిజమైన రంగే కాదనుట మరియొక అపోహ. రంగు కాంతియందే గాక, ప్రక్కనున్న వెలుగుతో కన్ను చేయు పోలికయందును ఉన్నది. చీకటిగదిలో తెరపై ఈ వన్నెనొక్కదానినే నిలిపినచో మసక నారింజగా తోచును. చుట్టును తెలుపు పరచినంతనే కపిలమగును. ములుగు జిల్లా పాలంపేటలో, 1213 నాటి రామప్పగుడి ఇసుకరాతి గోడ నల్లరాతి మదనికా శిల్పముల చెంత వెచ్చగా వెలిగి, మధ్యాహ్నాకాశము నెదుట మట్టివన్నెయై ఒదుగును.

ఇక అంకెయే రంగనుకొనువారు కలరు. 0 మొదలు 255 వరకు గల మూడంకెల కూర్పులు 1,67,77,216. ఐనను అవి తెరకిచ్చు ఆజ్ఞలే, తెర మారిన వన్నె మారును. మహబూబాబాదు జిల్లా బయ్యారమున దొరకు ఇనుపరాతికి ఏ అంకె వేయవలెను? హెమటైటు అను ఇనుపరాయి గడ్డగా నున్నపుడు ఉక్కువలె బూడిదవన్నెగాను, నూరినపుడు ఎర్రని కపిలముగాను ఉండును. ఇంటికి రంగు వేయించువారు ఫోనులోని అంకెను నమ్ముకొనక, ఆ గోడమీదనే అరచేతి మేర పూయించి, ప్రొద్దునను సాయంకాలమునను చూచుకొనవలెను.