ఇప్పచెట్టు క్రింద ఎలుగు

ఇప్పచెట్టు తన పూలను పగటివేళ రాల్చదు. రాత్రియందు విచ్చుకొని, తూర్పు తెల్లబడు వేళకు, మీగడరంగు గలిగి రసముతో బరువెక్కిన ఆ పూలు ఒకటొకటిగా నేలకు జారుచుండును. ఎండ యెక్కకముందే వానిని ఏరుకొనవలెనని ఒకవంకనుండి గంపలతో చెంచులును, గాలిలో తేలివచ్చు ఆ మత్తువాసనను పట్టుకొని మరియొకవంకనుండి ఎలుగుబంట్లును బయలుదేరుట కలదు. ఫాల్గుణ చైత్రములలో నల్లమలయందు మనుష్యునకును ఎలుగునకును కలుగు ఆకస్మిక సమాగమములకు, ఇరువురును ఒకే ఆహారము కొరకు ఒకే ఘడియలో ఒకే చెట్టు నీడకు వంగిన తలలతో చేరుటయే తరచుగా హేతువగుచున్నది.

కొన్ని యేండ్ల క్రిందట ఒక చైత్రమాసమున, ఆత్మకూరు వైపునుండి శ్రీశైలమునకు పోవు పాత కాలిబాటలో, పెచ్చెరువు దాటి భీమునికొలను దిశగా, ఒక చెంచు వృద్ధుని వెంట నేను నడచుచుంటిని. ఉగాది గడచిపోయినది, పాదచారులై శివనామము బిగ్గరగా స్మరించుచు ఆ బాటను దినముల తరబడి మారుమ్రోగించిన కన్నడదేశపు భక్తులు తమ ఊళ్లకు తిరిగిపోయిరి. అడవి మరల నిశ్శబ్దమైనది. ఒక మలుపువద్ద ఎవరో కొలిమితిత్తిని గట్టిగా ఊదినట్లును, ఆ వెంటనే పాత్రలోని గంజిని జుర్రుకొనినట్లును ఒక విచిత్రధ్వని నాకు వినవచ్చెను. మనుష్యులెవరో ఉన్నారని తలచి నేను అడుగు ముందుకు వేయబోవునంతలో, వృద్ధుడు తన చేతికర్రను నా రొమ్మున కడ్డముగా పెట్టెను.

"కదలొద్దు సామీ. పుట్ట పీలుస్తాంది. మనమొచ్చింది దానికింకా తెలీదు."

ముప్పది గజముల దూరమున, ఒక చెదపుట్ట మొదట, నల్లని రోమరాశి యొకటి కదలుచుండెను. దాని వీపుమీద, అంతకంటె నల్లగా, రెండు పిడికిళ్లతో తల్లివెంట్రుకలను పట్టుకొనిన కూన. గాలి అటునుండి మావైపు వీచుచుండెను గనుక మా వాసన దానికి చేరలేదు.

ఆ ధ్వనిని గూర్చి కొంత చెప్పవలెను, ఏలయన తరువాతి కథ యంతయు దానిమీదనే ఆధారపడినది. మన ఎలుగుబంటికి పైదవడ ముందుపండ్లలో నడిమి రెండును లేవు. అచ్చటి సందు ఒక గొట్టమువలె పనిచేయును. అది తన పొడవైన గోళ్లతో రాతివలె గట్టిపడిన పుట్టను చీల్చి, ముట్టెను రంధ్రములో దూర్చి, మొదట బలముగా ఊది మన్నును దుమ్మును చెదరగొట్టును. పిమ్మట ముందుకు సాగు పెదవులను సున్నవలె చుట్టి, చెదపురుగులను ఒక్క పీల్పులో లోనికి లాగుకొనును. దుమ్ము లోనికి పోకుండ నాసారంధ్రములను ఇచ్ఛానుసారముగా మూసికొనగల సామర్థ్యము కూడ దానికి కలదు. ఈ ఊదుట, ఈ పీల్చుట నూరు గజములకు పైబడి వినవచ్చును. 1791లో దీనికి మొదట శాస్త్రనామము పెట్టిన ఆంగ్లేయుడు జార్జి షా, ఆ లేని పండ్లను, ఆ పెద్ద గోళ్లను చూచి, ఇది దక్షిణ అమెరికా అడవులలో కొమ్మలకు వ్రేలాడు స్లాత్ అను మందగామి జంతువునకు జ్ఞాతియని పొరపడెను. భల్లూకమని పిమ్మట తెలిసినను, ఆంగ్లభాషలో దాని పేరును ఆ పొరపాటు నేటికిని అంటిపెట్టుకొనియే యున్నది.

ఇంత సందడితో భుజించు జంతువునకు ఇతరుల అడుగుల చప్పుడు ఎట్లు వినబడును? దాని ఆఘ్రాణశక్తి మిక్కిలి తీక్ష్ణము, దృష్టి మందము. ముట్టె పుట్టలో నున్నంతసేపు ఆ ఆఘ్రాణశక్తియు పుట్టకే అంకితమై యుండును. ఇందువలన మనుష్యుడు తాను వచ్చుచున్న సంగతి దానికి తెలియకయే, రాగూడనంత సమీపమునకు వచ్చివేయును.

"రాగూడనంత సమీపము" అను మాటకు కొలత కలదని మొదట స్పష్టముగా నిరూపించిన వాడు, స్విట్జర్లాండులో బెర్ను, బాసెలు, జూరిచ్ నగరముల జంతుప్రదర్శనశాలలను నడిపిన హైనీ హెడిగర్ అను శాస్త్రజ్ఞుడు. ప్రతి వన్యమృగము చుట్టును కంటికి కానరాని రెండు వలయములు కలవని ఆయన పరిశీలించెను. వెలుపలి వలయములో శత్రువు కాలు మోపినంతనే మృగము పారిపోవును. అది పలాయన దూరము. పారిపోవుటకు వీలులేకయో, సకాలమున తెలియకయో శత్రువు లోపలి వలయములోనికి కూడ వచ్చెనేని, మృగము తిరుగబడును. అది సంకట దూరము. సర్కసులో సింహమును ఆడించువాని విద్యకు మూలమిదియేనని ఆయన వివరణ: ఒక అడుగు లోనికి వేసినచో సింహము మీదికి వచ్చును, ఒక అడుగు వెనుకకు తీసినచో నిలిచిపోవును. ప్రేక్షకులకు సాహసముగా తోచునది వానికి సరిహద్దుల ఎరుక. ఈ దూరములు జాతినిబట్టియు, వేట భయమునుబట్టియు, అలవాటునుబట్టియు మారుచుండును. మనము పెట్టు తిండికి మరగి ఘాటుదారుల వెంబడి కూర్చుండు కోతులకు ఆ వెలుపలి వలయము పూర్తిగా చెరగిపోయినది. అది స్నేహమని మురియువారిని చూచినప్పుడెల్ల నాకు దుఃఖము కలుగును.

పెద్దపులి సంగతి వేరు. దాని చెవి మన అడుగును ఎంతో ముందుగా పట్టును. మనము దానిని చూచుటకు పూర్వమే అది మనలను చూచి, పొదల మాటున తొలగిపోవును. కావుననే నల్లమలలో తిరుగువారికి పులి జాడలు కనబడినంతగా పులి కనబడదు. ఎలుగు, పులి, ఒకే అడవిలో వేలాది తరములుగా కలిసి బ్రదికినవి. పులి ఎదురైనప్పుడు ఎలుగు చెట్టెక్కి తప్పించుకొనజూడదు. నిలుచును, గర్జించును, మీదికి దూకును. పారిపోవుటకంటె ఎదుర్కొనుటచేతనే దాని పూర్వికులు బ్రదికి బట్టకట్టిరని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పులికై ఏర్పడిన ఆ ఆత్మరక్షణోపాయమే, దారితప్పి దగ్గరకు వచ్చిన కట్టెలవాని ముఖముమీద పడుచున్నది.

వినాయకచవితినాడు ప్రతి తెలుగింట వినబడు శమంతకోపాఖ్యానమును ఈ దృష్టితో నేను పలుమారులు తలచుకొందును. భాగవతములో శ్రీకృష్ణుడు మణికై జాంబవంతుని గుహ జొచ్చి, మణితో ఆడుకొనుచున్న పసిబిడ్డ చెంత నిలిచినప్పుడు, క్రొత్తవానిని చూచిన దాది భయముతో కేకవేయును. ఆ కేక విని జాంబవంతుడు పరుగెత్తివచ్చి, ఎదుట నున్నది ఎవరో తెలిసికొనకయే కలియబడి, ఇరువదియెనిమిది దినములు పోరాడును. పరమభక్తుడును బుద్ధిమంతుడును అయిన ఆ భల్లూకరాజును క్రూరుడని మన పెద్దలెవ్వరును అనలేదు. ఇల్లు, బిడ్డ, హఠాత్తుగా వచ్చిన అపరిచితుడు. ఆ కథను కూర్చినవారు అడవిని దగ్గరగా ఎరిగినవారని నా నమ్మకము.

మా యెదుటనున్నది కూడ బిడ్డతల్లియే. వృద్ధుడు నన్ను తన వెనుకకు తెచ్చుకొని, రెండడుగులు వెనుకకు వేసి, గొంతు సవరించుకొని, పొరుగింటి ఆడపడుచుతో మాట్లాడినట్లు మెల్లగా పలికెను: "పోతాండాం తల్లీ. నీ దోవన నువ్వు పో."

పీల్పు ఆగెను. మన్ను పూసుకొనిన ముట్టె పైకి లేచెను. తరువాత ఆ జంతువు వెనుకకాళ్లమీద నిలువున లేచి నిలిచెను. రొమ్మున తెల్లని చంద్రవంక స్పష్టముగా కనబడెను. అది మీదబడుటకు సన్నాహమని నేను భయపడితిని. వాసనను ఇంకను బాగుగా పట్టుటకై, చూడదగినంత చూచుటకై అది అట్లు నిలుచునని పిమ్మట తెలిసికొంటిని.

ఆ క్షణమున నా నోరు ఎండిపోయెను, గుండె చెవులలో కొట్టుకొనెను, చేతులు చల్లబడెను. అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టరు కానన్ 1915లో ప్రకటించిన గ్రంథములో ఈ మార్పుల నన్నిటిని ఒక్క సూత్రమున గ్రుచ్చెను. భయము కలిగినంతనే, మూత్రపిండములపై కుళ్లాయివలె కూర్చున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును నెత్తురులోనికి విడుచును. కాలేయము తాను దాచుకొనిన చక్కెరను వెలికితీయును. జీర్ణక్రియ మందగించును, లాలాజలము ఇంకును. చర్మమునుండియు ఉదరమునుండియు రక్తము కండరములకు మరలును. ఇదంతయు పోరుటకో, పారుటకో. నా కాళ్లు రెండవదానినే కోరినవి. కాని ఎలుగు పరుగులో మనుష్యుని అవలీలగా మించును. వెన్ను చూపినవాడు దాని సంశయమును తీర్చినవాడగును. ముప్పది గజములకు అవతల ఆ తల్లి నెత్తురులో కూడ అదే రసము అదే వేగముతో ప్రవహించుచుండెనని తెలిసినప్పుడు, నాకు దానిపై బంధుత్వమువంటి భావమొకటి కలిగినది. నేటికిని అది పోలేదు.

అది ఒకసారి బుస్సుమని, నాలుగు కాళ్లపై వ్రాలి, కూన జారకుండ మెల్లగా మొదలిడి, తరువాత గునగున పరుగెత్తి బండల మధ్య అదృశ్యమైనది.

దూరము మిగిలియున్నందుననే మేము క్షేమముగా బయటపడితిమి. శ్రీకాకుళము ఉద్దానమున ఆ దూరమునకు తావెక్కడ? అచ్చట జీడితోటలకును కొండలకును నడుమ అడవి చిన్నచిన్న తునకలుగా మిగిలినది; పనసపండ్లకు, జీడిమామిళ్లకు ఎలుగులు తోటలలోనికి వచ్చును, తెల్లవారకమునుపే రైతులు ఆ తోటలలోనికే పోవుదురు. గాయపడినవారి బాధ చిన్నది కాదు. లేచి నిలిచి కొట్టు జంతువు గనుక దెబ్బ ముఖమునకు, తలకు తగులును. ఒంటరిగా పోకుండుట, మాటలాడుచు, కర్రతో నేలను తట్టుచు నడచుట, ఎలుగు కనబడినచో పరుగెత్తక ముఖము త్రిప్పక మెల్లగా వెనుకంజ వేయుట, మీదబడినచో బోర్లపడి మెడవెనుక చేతులు పెనవేసికొనుట - అడవి తెలిసినవారు చెప్పునది ఇంతే.

ఎలుగు పోయిన చాలసేపటికి వృద్ధుడు నన్ను పుట్ట దగ్గరకు కొనిపోయెను. మూరెడు లోతు గొయ్యి. ఎర్రమట్టిపై సమాంతరముగా గోళ్ల చారలు. రంధ్రము అంచున ఇంకను ఆరని చొంగ. అప్పటికే చెదపురుగులు వరుసలు కట్టి, ఒక్కొక్కటి ఒక్కొక్క తడిమట్టి రేణువును నోట కరచుకొని వచ్చి, పగిలిన గోడను పూడ్చుచుండెను.