చిరునామా కోల్పోయిన పలకలు

పసిఫిక్ మహాసముద్రం నడుమ, హవాయి దీవులలోని హోనలూలూ నగరంలో, సముద్రపుటొడ్డున ఒక సంపన్నురాలి భవనం ఉంది. పొగాకు వ్యాపారపు సిరిసంపదలకు వారసురాలైన డోరిస్ డ్యూక్ కట్టించుకున్న ఆ ఇల్లు నేడు ఇస్లామీయ కళల మ్యూజియం. అందులో 12 అడుగులకు మించిన ఎత్తున ఒక మిహ్రాబ్ నిలిచి ఉంది. పసిడి వన్నె, ముదురు నీలం, లేత ఆకాశపు రంగు కలిసిన పింగాణీ పలకలతో కూర్చిన మిహ్రాబ్ అది. దాని అంచుల వెంట ఖుర్ఆన్ ఆయతులు బారులు తీరి ఉన్నాయి. అయితే దాని ముందు ఇమాము నిలబడడు. వెనుక సఫ్‌లు లేవు. సందర్శకులు వస్తారు, అబ్బురపడతారు, వెళ్ళిపోతారు. ఖిబ్లా దిక్కును చూపడం కోసమే పుట్టిన వస్తువు అక్కడ కేవలం చూడదగిన వస్తువై మిగిలింది.

ఆ పలకల మీద ఒక సంతకం, ఒక తేదీ ఉన్నాయి. పేరు అలీ బిన్ ముహమ్మద్ బిన్ అబీ తాహిర్. తేదీ హిజ్రీ 663, షాబాన్ మాసం; అంటే క్రీ.శ. 1265. ఆ సంతకం వెంట కొంతదూరం నడిచి చూద్దామన్నదే మా ఉద్దేశం.

అలీ స్వస్థలం ఇరాన్‌లోని కాషాన్. ఎడారి అంచున ఉన్న ఈ పట్టణం పింగాణీ పనికి ఎంతగా పేరుమోసిందంటే, ఫార్సీలో రంగు పలకకు ఆ ఊరి పేరే స్థిరపడిపోయింది. ఉర్దూ చదివిన మన పెద్దలకు ‘కాషీకారీ’ అనే మాట పరిచితమే. ఆ ‘కాషీ’ ఈ కాషాన్ నుండి వచ్చినదే గాని, గంగాతీరంలోని కాశీతో దానికి సంబంధం లేదు.

అక్కడి కుటుంబాలలో అబూ తాహిర్ కుటుంబం మిక్కిలి ప్రసిద్ధమైనది. తండ్రి పేరు, తాత పేరు వరుసగా చేర్చి సంతకం చేయడం వారి అలవాటు. హదీసుల సనద్ చదివే అలవాటున్నవారికి ఈ తీరు కొత్తగా తోచదు. ఇలాంటి సంతకాల వల్లనే నాలుగు తరాల వంశవృక్షాన్ని పండితులు గీయగలిగారు. మూలపురుషుడు అబూ తాహిర్. అతని కుమారుడు ముహమ్మద్, అబూ జైద్ అనే మరో మహాశిల్పితో కలిసి హిజ్రీ 602లో (1206) ఖుమ్ నగరంలోనూ, 612లో (1215) మష్హద్‌లోనూ పని చేశాడు. ముహమ్మద్ కుమారుడు మన అలీ. అలీ కుమారులలో యూసుఫ్ తండ్రి వృత్తినే చేపట్టాడు. అబుల్ ఖాసిం అబ్దుల్లాహ్ అనే మరో కుమారుడు మాత్రం కలం పట్టి, రాజాస్థానంలో చరిత్రకారుడయ్యాడు.

ఇంటి వృత్తిని వదలి ఉద్యోగానికి వెళ్ళిన కొడుకులు మన ఇళ్ళలోనూ ఉన్నారు. అబుల్ ఖాసిం విషయంలో అది లోకానికి మేలే చేసింది. హిజ్రీ 700లో (1301) అతడు రత్నాలు, ఖనిజాలు, సుగంధ ద్రవ్యాలను గురించి ఒక గ్రంథం రాస్తూ, చివర తన ఇంటి విద్యను గురించి ఒక అధ్యాయం చేర్చాడు. వృత్తి రహస్యాన్ని గడప దాటనివ్వని కాలంలో, ఆ ఇంటి బిడ్డే దానిని కాగితం మీద పెట్టాడు. ఇస్తాంబుల్‌లో భద్రంగా ఉన్న రాతప్రతుల ఆధారంగా జర్మన్ పండితులు 1935లో దానిని ప్రచురించేవరకు, ఆ పలకలు ఎలా తయారయ్యాయో నేటి లోకానికి సరిగా తెలియదు.

ఆ అధ్యాయం చెప్పే పద్ధతి వినదగినది. మనకు కుండ అంటే బంకమన్ను. కాషాన్ పలకలో మన్ను అతి స్వల్పం. మెత్తగా నూరిన పలుగురాయి పొడి 10 పాళ్ళు, గాజుపొడి 1 పాలు, తెల్ల బంకమన్ను 1 పాలు. ఇదీ అతడిచ్చిన కొలత. ఆకారం నిలబడటానికి మన్ను, కాల్చినప్పుడు పలుగురాయి రేణువులు ఒకదానికొకటి అంటుకోవడానికి గాజు. చైనావారి తెల్లటి పింగాణీకి వాడే మన్ను ఆనాటి ఇరాన్ పనివారికి అందుబాటులో లేదు. ఆ తెల్లదనం కోసం అక్కడి పనివారు రాతిని పిండి చేసుకున్నారు. నీలం రంగుకు కోబాల్ట్ రాయి కాషాన్ కొండలలోని ఖమ్సర్ గ్రామంలో దొరికేది.

పసిడి వన్నె సంగతి వేరు. ఆ పలకలలో చాలావాటి మీద బంగారం లేనే లేదు! ముందుగా పలకను తెల్లని గాజు పూతతో ఒకసారి కాలుస్తారు. చల్లారిన తరువాత దాని మీద వెండి, రాగి కలిసిన మిశ్రమంతో బొమ్మ గీసి, రెండవసారి బట్టీలో పెడతారు. ఈసారి కావలసింది మంట కాదు, పొగ. గాలి చాలని ఆ బట్టీలో పొగ, మిశ్రమంలోని ఆక్సిజన్‌ను లాగివేస్తుంది. మిగిలిన లోహం గాజు పూతలో కంటికి కనబడనంత పలుచని పొరగా నిలిచిపోతుంది. ఇలా పొగపెట్టడానికి అబుల్ ఖాసిం చెప్పిన గడువు 72 గంటలు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు! బట్టీ తెరిచేసరికి పలక మసిపట్టి ఉంటుంది. తడిమట్టితో రుద్దితే లోపలి నుండి మెరుపు బయటపడుతుంది. పొగ కాస్త ఎక్కువైనా తక్కువైనా నెలల శ్రమ వృథా. ‘రెండు నిప్పుల పని’ అని దీనికి పేరు.

అలీ ఈ పని చేసిన కాలం కూడా గమనించదగినది. 1220 ప్రాంతం నుండి మంగోలు సేనలు ఇరాన్‌ను తొక్కివేశాయి. తేదీ వేసిన కాషాన్ పలకలు ఆ తరువాతి మూడు దశాబ్దాలలో చాలా అరుదు. 1258లో బగ్దాద్ కూలింది. ఖలీఫా హతుడయ్యాడు. అది జరిగిన నాలుగేళ్ళకే, 1262లో, టెహ్రాన్‌కు దక్షిణాన ఉన్న వరామీన్ పట్టణంలో ఒక సమాధి మందిరపు గోడలకు కొత్త పలకలు సిద్ధమవుతున్నాయి. అది ఇమాం హసన్ వంశీయుడైన యహ్యా సమాధి. ఇమామ్‌జాదా యహ్యా అంటారు.

ఎనిమిది కోణాల నక్షత్రం ఒకటి, దాని పక్కన నాలుగు కొనల కూడిక గుర్తు ఒకటి; ఈ రెండు ఆకారాలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి గోడ దిగువభాగాన్ని కప్పేవి. నక్షత్రం దాదాపు అడుగు వెడల్పు. నడుమ తీగెలు, పూలు. చుట్టూ అంచున ఖుర్ఆన్ ఆయతులు. మనిషి బొమ్మ గాని జంతువు బొమ్మ గాని లేదు. ఈ జాగ్రత్త అన్నిచోట్లా పాటించారని చెప్పలేము. నతంజ్‌లోని సమాధి కోసం 1308 ప్రాంతంలో చేసిన పలకలలో ఆయతుల పైన పక్షుల వరుస ఉంది. తరువాతి కాలంలో ఆ పక్షుల తలలను మాత్రం ఎవరో జాగ్రత్తగా చెక్కివేశారు. ఒకే పలక మీద శిల్పి ముచ్చటా, ఆ తరువాతివారి ధర్మసందేహమూ రెండూ కనిపిస్తాయి.

మూడేళ్ళ తరువాత అలీ అదే మందిరానికి ఈ మిహ్రాబ్ చేసిచ్చాడు. మరో 40 ఏళ్ళకు, హిజ్రీ 705లో (1305), సమాధిపై పరిచే పలకల మీద అతని కుమారుడు యూసుఫ్ సంతకం చేశాడు. తండ్రి ఖిబ్లా గోడకు చేసిన పని, కొడుకు సమాధికి చేసిన పని ఒకే గదిలో, కొద్ది అడుగుల దూరంలో ఉండేవి. నేడు తండ్రి పని హోనలూలూలో ఉంది. కొడుకు పని రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉంది.

ఇది ఎలా జరిగింది? 19వ శతాబ్దపు రెండవ అర్ధభాగంలో ఐరోపాలో ఈ మెరుపు పలకలకు గిరాకీ పెరిగింది. 1881లో వరామీన్ చూసిన ఫ్రెంచి యాత్రికురాలు జేన్ ద్యులఫ్వా, గోడల నుండి పలకలు దొంగతనంగా పోతున్న సంగతిని తన యాత్రాగ్రంథంలో రాసింది. ఒక్కొక్కటిగా నక్షత్రాలు రాలిపోయాయి. చివరికి మిహ్రాబ్ కూడా గోడ దిగింది. వర్తకుల చేతులు మారి, 1940లో డోరిస్ డ్యూక్ ఇంటికి చేరింది. నక్షత్రాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం మొదలుకొని ఎన్నో నగరాలలో చెదరి ఉన్నాయి. కొన్న మ్యూజియాలు వాటిని కాపాడిన మాట నిజమే. దానిని మేము కాదనము. కాని కొనేవాడు లేకపోతే గోడ నుండి పెకలించేవాడు ఉండేవాడా అన్న ప్రశ్నను కూడా తోసివేయలేము. ఇరాన్ ప్రజలే అమ్ముకున్నారు కదా అని కొందరంటారు. అమ్మినవాడికి ఆ గోడ మీద హక్కు ఎవరిచ్చారు? అక్కడ దుఆ చేసుకునే ఊరివారిని అడిగి అమ్మారా?

పెకలించిన పలకకూ, తవ్వకంలో బయటపడిన పలకకూ తేడా ఇక్కడే ఉంది. ఇరాన్ వాయవ్యంలో తఖ్తె సులైమాన్ అనే శిథిల ప్రదేశం ఉంది. కొండల నడుమ ఒక సరస్సు, దాని చుట్టూ కోటగోడ. ఇస్లాంకు పూర్వం అది సాసానీ రాజుల అగ్నిమందిరం. బగ్దాద్‌ను కూల్చిన హులాగూ కుమారుడు అబాఖా ఖాన్ 1270లలో ఆ శిథిలాల మీదనే తన వేసవి రాజభవనం కట్టించాడు. జర్మన్ పురావస్తు సంస్థ 1959లో అక్కడ తవ్వకాలు ఆరంభించి దాదాపు రెండు దశాబ్దాలు కొనసాగించింది.

తవ్వేవారికి అక్కడ దొరికినవి వేరే ఎక్కడా దొరకనివి. కొన్ని పలకలు గోడ పాదాన అతికిన చోటనే ఉన్నాయి. కాబట్టి ఏ ఆకారం పక్కన ఏది వచ్చేదో, ఏ ఎత్తు వరకు వచ్చేదో ఊహించవలసిన పని తప్పింది. హిజ్రీ 670ల తేదీలు వేసిన పలకలు ఉన్నాయి. చైనా పట్టువస్త్రాల నుండి వచ్చిన డ్రాగన్, దివ్యపక్షి బొమ్మల పక్కనే ఫిర్దౌసీ షాహ్‌నామా పద్యాలు రాసిన పలకలు ఉన్నాయి. పాలకుడు మంగోలు, బొమ్మ చైనాది, పద్యం ఫార్సీది, పనితనం ముస్లిం శిల్పులది. అన్నిటినీ మించి, పలకలు తయారుచేసిన కార్ఖానా, దాని బట్టీలు కూడా ఆ ప్రాంగణంలోనే బయటపడ్డాయి. అలాంటి చోట కాల్చి పాడైన ముక్క కూడా విలువైనదే. అది ఏ బట్టీ దగ్గర విరిగిందో చెప్పగలదు కనుక.

ఆ భవనపు పలకలలో కొన్ని తవ్వకాలకు చాలా ముందే బజారులోకి వచ్చి ఐరోపా, అమెరికా మ్యూజియాలకు చేరాయి. అవి ఏ గోడవో ఎవరికీ తెలియదు. తవ్వకంలో అదే బొమ్మ, అదే కొలత గల ముక్కలు దొరికిన తరువాతనే వాటిని వాటి ఊరితో జతపరచగలిగారు. మట్టిలోని ముక్కలు అద్దాల పెట్టెలలోని పలకలకు చిరునామా తిరిగి ఇచ్చాయన్నమాట.

ఇంకా వెనుకటి కాలానికి వెళితే ఇలాంటిదే మరో జత కనిపిస్తుంది. ఇరాఖ్‌లోని సామర్రాలో, అబ్బాసీ ఖలీఫాల భవన శిథిలాలలో 1911 నుండి 1913 వరకు జరిగిన తవ్వకాలలో 9వ శతాబ్దపు మెరుపు పలకల ముక్కలు దొరికాయి. అదే శతాబ్దానికి చెందిన మెరుపు పలకలు 139 వరకు ట్యునీషియాలోని ఖైరవాన్ పెద్ద మసీదు మిహ్రాబ్ చుట్టూ నేటికీ ఉన్నాయి. వాటి ముందు నేటికీ నమాజు జరుగుతోంది.

రెండు నిప్పుల పని 14వ శతాబ్దపు నడిమికి ఇరాన్ గోడల మీద దాదాపు అంతరించింది. యూసుఫ్ సంతకం చేసిన చివరి పెద్ద మిహ్రాబ్ హిజ్రీ 734 (1334) నాటిది. దాని స్థానంలో రంగు పలకలను చిన్నచిన్న ముక్కలుగా కోసి, పూలగా, అక్షరాలుగా కూర్చే పద్ధతి వచ్చింది. దక్కన్‌కు చేరినది ఈ రెండవ విద్యే. కాస్పియన్ తీరపు గీలాన్ నుండి వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన మహ్మూద్ గవాన్, 1472లో బీదరులో కట్టించిన మదరసా ముఖభాగం ఈ పలకలతోనే కప్పబడింది. 1696లో జరిగిన పేలుడులో అది చాలాభాగం కూలింది. ఒక మీనారు మీద మిగిలిన నీలం, పసుపు, తెలుపు ముక్కలు ఇప్పటికీ ఎండలో మెరుస్తాయి. బీదరు కోటలో మట్టి, శిథిలాలు తొలగించి తఖ్త్ మహల్ వంటి భవనాలను వెలుగులోకి తెచ్చినవాడు, హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ. ఆ పట్టణంపై ఆయన గ్రంథం 1947లో వెలువడింది.

గోల్కొండ వద్ద కుతుబ్‌షాహీ సమాధులు కూడా ఒకప్పుడు రంగు పలకలు తొడుక్కున్నవే. ఇబ్రాహీం కుతుబ్‌షా సమాధి గోడ మీద ఆ ఆనవాళ్ళు కొద్దిగా మిగిలాయి. నిండుగా చూడాలంటే హైదరాబాద్ పాతనగరంలోని బాద్‌షాహీ అషూర్‌ఖానాకు వెళ్ళాలి. 1590లలో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన భవనం అది. లోపలి గోడల పలకల పని 1611 నాటికి పూర్తయింది. పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కలు జ్వాలలవంటి ‘అలమ్’ ఆకారాలుగా గోడంతా పరుచుకున్నాయి. 1908 మూసీ వరదలో దిగువభాగపు పలకలు దెబ్బతిన్నాయి. అక్కడ నేడు ఉన్నది పలకలను పోలిన రంగు పూత. దూరం నుండి చూస్తే రెండూ ఒకటిగానే తోస్తాయి. దగ్గరకు వెళితే, కోసి కూర్చిన ముక్కల మధ్య సన్నని గీతలు కిందికి వస్తూ వస్తూ ఒకచోట ఆగిపోవడం కనబడుతుంది.