ఒక కంటి చూపు హఠాత్తుగా పోయినచో

ఇంద్రియములన్నింటిలో కన్ను ప్రధానమని పెద్దలు చెప్పుదురు. అయితే రెండు కన్నులుండుటయే ఒక్కొక్కప్పుడు మనలను ఏమరుపాటునకు లోను చేయును. ఒక కంటి చూపు పోయినను రెండవ కన్ను ఆ లోటును కప్పిపుచ్చును. నొప్పి లేనిచో, పెద్దవారికి శుక్లము వచ్చినదేమోయని ఊరకుందుము. శుక్లము నెలలు, సంవత్సరముల మీద ముదురునే కాని ఒక్క పూటలో చూపును హరింపదు. కావున హఠాత్తుగా చూపు పోవుటకు గల ముఖ్య కారణములను ఇచట వివరింపదలచితిమి.

కంటి వెనుక భాగమున రెటీనా అను పలుచని పొర కలదు. వెలుగును గ్రహించి, దృష్టినాడి ద్వారా మెదడునకు వార్త పంపునది ఇదియే. దీనికి రక్తము నందించు ధమని మూసుకొనిపోయినచో, నొప్పి లేకుండగనే క్షణములలో చూపు పోవును. జర్మన్ వైద్యుడు ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే 1859లో దీనిని వర్ణించెను. గుండె నుండియో, మెడలోని రక్తనాళము నుండియో కొట్టుకొనివచ్చిన చిన్న గడ్డ తరచుగా దీనికి కారణమగును. ఇది కంటికి వచ్చిన పక్షవాతమే. కొద్ది గంటలలోనే రెటీనా శాశ్వతముగా చెడిపోవును. కొందరికి చూపు కొన్ని నిమిషములు మాత్రమే పోయి మరల వచ్చును. వచ్చినది గదా యని సంతసింపరాదు. మెదడునకు రానున్న పక్షవాతమునకు అది హెచ్చరిక కావచ్చును.

రెటీనా నుండి రక్తమును కొనిపోవు సిర మూసుకొన్నను చూపు తగ్గును. రక్తపోటు, మధుమేహము గలవారికి ఈ భయము హెచ్చు. మధుమేహము వలన కంటిలోపల రక్తస్రావము కూడ కలుగవచ్చును. రెటీనా తన స్థానము నుండి ఊడునప్పుడు తరచుగా ముందు మెరుపులు, నల్లని చుక్కలు కనిపించి, పిదప తెర దించినట్లు ఒక ప్రక్కనుండి చీకటి క్రమ్మును. సకాలమున శస్త్రచికిత్స జరిగినచో దీనిని పెక్కుమారులు సరిచేయవచ్చును.

వయసులో నున్నవారికి, ముఖ్యముగా యువతులకు, దృష్టినాడి వాపు వలన చూపు తగ్గవచ్చును. అప్పుడు కన్ను కదల్చినచో నొప్పి కలుగును. రంగులు వెలిసినట్లు తోచును. ఏబది యేండ్లు దాటినవారికి కణతల నొప్పి, నమలునప్పుడు దవడ నొప్పి తోడైనచో అది ధమనుల వాపు కావచ్చును. ఆలస్యమైనచో రెండవ కన్నునకును ప్రమాదము. కన్ను ఎర్రబడి, తీవ్రమైన నొప్పితో దీపముల చుట్టు రంగుల వలయములు కనిపించినచో నీటికాసులని శంకింపవలెను.

కారణమును నిర్ణయించుట వైద్యుని పని. వేళను వృథా చేయకుండుట మన పని. అనుమానము కలిగినప్పుడు ఒక్కొక్క కన్నును మూసి రెండవదానితో చూడవలెను. ఆకుపసరులు, తోచిన చుక్కలమందులు వేయరాదు. చూపు పోయిన సమయమును గుర్తుంచుకొని, వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. ఇంటిలోని పెద్దలు పిల్లలకు శ్రమ యెందుకని చెప్పక దాచుదురు. వారిని అడిగి తెలిసికొని, తెల్లవారువరకు ఆగక తీసికొనిపోవుట చదువుకొన్న బిడ్డల విధి.