తెగిన దారికి మారుదారి



నేను బడిపంతులుగా నున్న దినములలో మన బెళుగుప్పనుండి అనంతపురమునకు ఉరవకొండ మీదుగనో, కల్యాణదుర్గము మీదుగనో పోవుచుంటిని. మన సీమలో వాన అరుదు. కురిసిననాడు మాత్రము వంక పొంగి త్రోవ నడ్డగించును. రెండవ త్రోవ ముందే యెరిగినవాడు వెంటనే మరలును. ఎరుగనివాడు గట్టుపై కూర్చుండి వచ్చిపోవువారి నడుగును. ఫోనులో మనము పంపు వార్తలకును ఇదే గతి.

వార్త చిన్నచిన్న ముక్కలై, చేరవలసిన చిరునామాతో బయలుదేరును. నడుమ గుంతకల్లువంటి కూడళ్లు కలవు. వానికి రౌటరులని పేరు. సాధారణముగా ఏ తీగవెంట పోవలెనో ప్రతి కూడలియు తానే నిర్ణయించును. తీగ తెగినచో కూడళ్లు పరస్పరము తెలుపుకొని క్రొత్త లెక్క వేసికొనవలెను. అందుకు కొన్ని సెకనులు, ఒక్కొక్కప్పుడు నిమిషములు పట్టును. ఈలోపల వచ్చిన ముక్కలు త్రోవలోనే నశించును. పట్నపు వైద్యునితో రోగి మాటలాడు వేళ ఆ నిమిషము చిన్నది కాదు.

బయలుదేరు చోటనే దారి నిర్ణయించుట వేరొక పద్ధతి. 1981 నాటి ఇంటర్నెట్టు నియమములలోనే యిది కలదు. కాని మోసగాండ్రకు ఉపకరించునను భయముచే పలువురు దానిని మూసివేసిరి. ఒకే యజమాని యధీనమందలి వలలకై ‘సెగ్మెంటు రౌటింగు’ పేర నిది మరల వచ్చెను. 2018లో దాని నిర్మాణము ప్రమాణముగా ప్రకటింపబడెను. మొదటి కూడలి ముక్కపై మజిలీల పట్టిక వ్రాయును. నడిమివి దానిని చదివి సాగనంపును.

పట్టికలోని తీగయే తెగినచో నేమగును? దానికి ముందున్న కూడలి, తీగ తెగకమునుపే ప్రక్కదారిని లెక్కించి యుంచుకొనును. తెగినదని గ్రహించినంతనే ఆ మజిలీలను ముక్కపై చేర్చి పంపును. సెకనులో ఇరువదియవ వంతులోపల మరలించుట లక్ష్యము.

అయినను మారుదారి నిజముగా వేరైనది కావలెను. 2008 జనవరి 30వ తేదీన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా చేరువ, మనలను పడమటి దేశములతో కలుపు రెండు సముద్రపు తీగలు ఒకేనాడు తెగెను. భారతదేశమున ఇంటర్నెట్టు మందగించెను. తీగలు రెండే గాని, అపాయమున్న తావు ఒక్కటే. ఒకే వంకను దాటు రెండు బాటలు రెండు దారులు కావు.

కావున పల్లెకు తీగ తెచ్చువారిని పెద్దలు అడుగవలసినది యిది: “రెండవ దారి యేది? అది యే వంకను దాటును?” తీగ యొక్కటే యైనచో ఎంతటి నేర్పును మనలను కాపాడజాలదు.